మాట వినెడు యంత్రము – ఇంటిలోని తెలుగు

నోటితో పలికిన మాటను వెంటనే అక్షరములలో వ్రాసి చూపు యంత్రములును, ఒక భాషలో చెప్పినదానిని మరియొక భాషలో పలికి వినిపించు యంత్రములును నేడు మన చేతి ఫోనులలోనికే వచ్చియున్నవి. చెన్నపట్టణమున ఆసుపత్రిలోనైనను, రైలు స్టేషనులోనైనను, అంగడిలోనైనను వీనిని వాడువారు కనబడుచునే యున్నారు. ఇది చూచి, మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో కొందరికి ఒక సందేహము కలుగుట సహజము. తమిళము ఈ రాష్ట్రమున తప్పదు. ఇంగ్లీషు పై చదువులకు తప్పదు. ఇక తెలుగు సంగతి యంత్రమే చూచుకొనునప్పుడు పిల్లవానిచేత ఆ మూడవ భారము మోయించుట ఎందులకు? ఇది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. పిల్లల కాలము విలువ గలది. తల్లిదండ్రుల శక్తికిని మేర కలదు. కాని ఈ యంత్రము మాటను ఎట్లు వినుచున్నది, ఎట్లు భాష మార్చుచున్నది, దానికి తెలుగు ఎక్కడినుండి వచ్చినది అను మూడు సంగతులు తెలిసికొన్నచో జవాబు మనకే తోచును. అందుకొరకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

గిండీలో చదివిన తెలుగువాడు

ఈ విద్య ఎక్కడనో పుట్టి, మనతో సంబంధము లేకయే మన ఇంటికి వచ్చినదని తలపరాదు. దీనికి పునాదులు వేసిన వారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడు. అందులోను మన చెన్నపట్టణమున చదివినవాడు. ఆయనయే డాక్టరు దబ్బాల రాజగోపాల రెడ్డి. లోకము ఆయనను రాజ్ రెడ్డి అని పిలుచుచున్నది. 1937వ సంవత్సరమున నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1958లో పట్టము పొందెను. ఆ కుటుంబమున కళాశాల చదువు పూర్తిచేసినవారిలో ఆయనయే మొదటివాడు. పిదప ఆస్ట్రేలియాకును, అచటినుండి అమెరికాకును పోయి, 1966లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము గైకొనెను. మనుష్యుని మాటలోని ధ్వని తరంగమును కంప్యూటరుచే పరిశీలింపజేసి మాటను గుర్తించుటయే ఆయన పరిశోధన విషయము.

అంతకు ముందు ఈ రంగమున జరిగినది స్వల్పము. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు నిర్మించిన యంత్రము ఇంగ్లీషులో సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలను మాత్రము గుర్తించెడిది. 1962లో ఐ.బి.ఎం. సంస్థవారు ప్రదర్శించిన యంత్రమునకు తెలిసినవి పదియారు మాటలు. అవియు ఒక్కొక్కటిగా, నడుమ ఆగుచు పలుకవలసియుండెను.

రాజ్ రెడ్డి 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరి, అచట శిష్యులతోను, సహచరులతోను కూడి, ఆగకుండ పలికిన వాక్యములనే గ్రహించు యంత్రములకై కృషి చేసెను. వారి తొలి యత్నములలో ఒకటి నోటిమాటతో చదరంగము ఆడించుట. ఇందు ఒక చక్కని యుక్తి కలదు. ఆటలో ఏ సమయమునకైనను వేయదగిన ఎత్తులు కొన్నియే యుండును. కావున ఆడువాడు పలికినది చెవికి స్పష్టముగా తోచకపోయినను, ఈ స్థితిలో ఇతడు వేయగల ఎత్తు ఏది యని యోచించి యంత్రము మాటను పోల్చుకొనెడిది. చెవి చేయలేని పనిని సందర్భజ్ఞానము చేయుననుట ఇందలి తత్త్వము. 1976 నాటికి ఆ విశ్వవిద్యాలయమున సిద్ధమైన 'హార్పీ' అను సాధనము 1,011 మాటల పరిధిలో పలికిన వాక్యములను గుర్తించెను. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డు ఫైగెన్‌బామ్ అను మరియొక శాస్త్రజ్ఞునితో కలిపి, కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమని ఎన్నబడు ట్యూరింగు బహుమానము లభించెను.

యంత్రము వినెడు తీరు

మనము మాటలాడునప్పుడు గాలి కంపించును. ఫోనులోని మైకు ఆ కంపమును విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తునందలి హెచ్చుతగ్గులను యంత్రము సెకనుకు సాధారణముగా 16,000 మార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. తరువాత ఆ అంకెల వరుసను చిన్న చిన్న తునకలుగా పరిశీలించును. ఒక్కొక్క తునక సెకనులో సుమారు నలువదవ వంతు మాత్రమే. ఆ తునకలో మంద్రధ్వనుల బలమెంత, తారధ్వనుల బలమెంత అని లెక్క వేయును. 'ఆ' యని పలికినప్పుడు ఆ బలము ఒక రీతిగా నుండును. 'ఈ' యన్నప్పుడు వేరొక రీతిగా నుండును. 'స' కారమున బుసవంటి ఎత్తైన ధ్వని హెచ్చుగా నుండును. ఈ గుర్తులను బట్టి, ఇది ఫలాని అక్షరము కావచ్చునని యంత్రము ఊహించును.

ఊహ యనుట బుద్ధిపూర్వకముగానే యంటిమి. యంత్రము ఎన్నడును నిశ్చయముగా వినదు. ఇది కావచ్చునని నూటికి ఇన్ని పాళ్లు, అది కావచ్చునని నూటికి అన్ని పాళ్లు అని లెక్క కట్టి, హెచ్చు పాళ్లు వచ్చినదానిని గ్రహించును. ఇక మాటకును మాటకును నడుమ కాగితముమీద ఉండు ఖాళీ నోటిలో ఉండదు. 'వెళ్లాలి అని అనుకున్నాను' అని మనము వ్రాసినను, పలుకునప్పుడు 'వెళ్లాలనుకున్నాను' అని ఒక్క గుక్కలో పోవును. ఏ మాట ఎక్కడ ముగిసినదో పోల్చుటకు చెవి ఒక్కటే చాలదు. ఆ భాషలో ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో తెలిసియుండవలెను.

'చెప్పు' అను మాటనే చూడుడు. కాలికి తొడుగుకొనునదియు చెప్పే. నోటితో పలుకుమనుటయు చెప్పే. ధ్వనిలో భేదము లేశమును లేదు. 'చెప్పు తెగింది' యన్నచో ఒకటి, 'నిజం చెప్పు' అన్నచో మరియొకటి. ఇంగ్లీషులోనికి మార్చవలసి వచ్చినప్పుడు యంత్రము ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. ఆ ఎన్నికకు దానికి ఆధారము పూర్వము తాను చూచిన తెలుగు వాక్యములే. చదరంగపు ఆటలోని యుక్తియే ఇచటను పనిచేయుచున్నది. అచట ఆట నియమములు తోడ్పడినవి, ఇచట జనుల వాడుక తోడ్పడుచున్నది.

యంత్రమునకు తెలుగు ఎక్కడిది?

ఈ కాలపు యంత్రమునకు ఎవ్వరును కూర్చుండి వ్యాకరణము బోధింపలేదు. మనుష్యులు పలికిన ధ్వనిని, దానికి సరియైన వ్రాతను, జంటగా వేల గంటల పర్యంతము దానికి ఇత్తురు. ధ్వనికిని వ్రాతకును గల పొందికను అది తనంతట గ్రహించును. కావున ఎంత మాట పోసినచో అంత విద్య. ఎటువంటి మాట పోసినచో అటువంటి విద్య.

ఈ పని మన ఊరిలోనే జరుగుచున్నదని తెలిసి మీరు సంతోషింతురు. అడయారు చెంతనున్న ఐ.ఐ.టి. మద్రాసులో భారతీయ భాషల ధ్వనిశాస్త్రముపై అనేక సంవత్సరములుగా పరిశోధన సాగుచున్నది. వ్రాతను చదివి వినిపించు సాధనములకై ఆచార్య హేమా మూర్తి బృందమువారు చేసిన కృషి ప్రసిద్ధము. అచటనే 'ఏ.ఐ. ఫర్ భారత్' అను పరిశోధన కేంద్రము కలదు. ఈ కేంద్రమువారు 2022లో ఆకాశవాణి వార్తలను ఆధారము చేసికొని, తెలుగుతో సహా పండ్రెండు భాషలలో 6,400 గంటలకు పైబడిన ధ్వని భాండారమును కూర్చిరి. వార్తలు చదివిన ధ్వనియు, చదువబడిన వ్రాతప్రతియు రెండును ఉండుటచే, ఏ వాక్యము ఏ క్షణమున పలుకబడినదో యంత్రముచేతనే జతపరచిరి. 1938లో మద్రాసు రేడియో కేంద్రము ఆరంభమై, 1948లో విజయవాడ కేంద్రము వెలయుటకు పూర్వమే ఈ నగరమునుండి తెలుగు ప్రసారములు సాగినవి. ఆ తొలినాళ్లలో రేడియోలో తెలుగు వినిపించిన ఊరిలోనే, నేటి రేడియో వార్తలతో యంత్రమునకు తెలుగు నేర్పుట సంతోషింపదగిన విషయము.

కాని వార్తలు చదువు తెలుగు ఒక్కటే తెలుగు కాదు. వార్తలు చదువువారు శిక్షణ పొందినవారు. ఎదుట వ్రాతప్రతి యుండును. గదిలో ఇతర ధ్వనులుండవు. వంటయింటిలో అవ్వ మాటలాడునది వేరు. ఈ లోపమును గుర్తించి అదే కేంద్రమువారు జనుల సహజమైన మాటను సేకరింప పూనుకొనిరి. 2024లో వెలువరించిన తొలి భాగమున 145 జిల్లాలలో 16,237 మంది పలికిన 7,348 గంటల మాట, 22 భాషలలో, చేరియున్నది. భారత ప్రభుత్వము కూడ 2022 జూలై నెలలో 'భాషిణి' యను పథకమును ప్రారంభించెను. 2023 డిసెంబరులో కాశీ తమిళ సంగమ సభలో ప్రధానమంత్రి హిందీలో చేసిన ప్రసంగమును ఈ పథకపు సాధనము అప్పటికప్పుడు తమిళమున వినిపించెను.

భాష మార్చుటలోని చిక్కులు

పలుకును పలుకుగా మార్చు యంత్రమున సాధారణముగా మూడు మెట్లుండును. మొదట విన్నది వ్రాసికొనును. తరువాత ఆ వ్రాతను వేరొక భాషలోనికి మార్చును. పిమ్మట దానిని పలికి వినిపించును. మొదటి మెట్టున జరిగిన తప్పు రెండవ మెట్టున సరికాదు. తప్పును ఆధారము చేసికొని చక్కని వాక్యమే తయారగును. ఇదియే ప్రమాదము. భాష రానివాడు తడబడుచు తప్పు చెప్పును గనుక మనము జాగ్రత్త పడుదుము. యంత్రము తడబాటు లేకయే తప్పు చెప్పును.

'ఈ మందు వాడవచ్చు', 'ఈ మందు వాడవద్దు' అను రెండు వాక్యములను ఒక్కమారు పలికి చూడుడు. భేదమంతయు చివరి అక్షరమున నున్నది. ఆసుపత్రి వరండాలో జనుల సందడి నడుమ ఆ ఒక్క అక్షరము సరిగా వినబడనియెడల అర్థము పూర్తిగా తలక్రిందులగును. మన భాషలో కాదనుట తరచు వాక్యాంతమున వచ్చును. 'నేను రేపు బడికి రాను' అను వాక్యమున చివరి మాట వినువరకు వచ్చుచున్నానో, రాకున్నానో తెలియదు. ఇంగ్లీషున ఆ నిషేధము ముందుగనే చెప్పవలెను. అందుచే తెలుగునుండి ఇంగ్లీషునకు వెంటవెంటనే మార్చు యంత్రము వాక్యము ముగియువరకు వేచియుండవలెను. లేదా ఊహించి చెప్పవలెను. తమిళమునకును తెలుగునకును వాక్యక్రమము చాలవరకు ఒకటే యగుటచే ఈ చిక్కు మన రెండు భాషల నడుమ తక్కువ.

మరియొక సంగతి. మేము ఈ వ్యాసమున ఒకచోట 'మేము' అనియు, ఒకచోట 'మనము' అనియు వ్రాయుచున్నాము. 'మేము' అన్నప్పుడు చదువు మీరు అందులో లేరు. 'మనము' అన్నప్పుడు ఉన్నారు. తమిళమునను ఈ భేదము కలదు. ఇంగ్లీషున రెంటికిని ఒకే మాట. అట్లే 'నీవు', 'మీరు' అను మర్యాదా భేదము తెలుగునను, తమిళమునను ఉన్నది. నేటి వాడుక ఇంగ్లీషున లేదు. కొన్ని అనువాద సాధనములు తెలుగును ముందు ఇంగ్లీషు చేసి, ఆ ఇంగ్లీషును తమిళము చేయుచున్నవి. అట్టి దారిలో పోయిన మాటకు ఈ భేదములు మధ్యలోనే జారిపోవును. తాతగారిని 'మీరు' అన్న మనుమని మాట, ఆ వంతెన దాటి వచ్చునప్పటికి 'నీవు' అని వినబడిన ఆశ్చర్యము లేదు. ఆ తప్పును పట్టగలవాడు రెండు భాషలును వచ్చినవాడే.

చెన్నపట్టణపు తెలుగు

మన ఇండ్లలోని తెలుగునకు ఒక ప్రత్యేకత కలదు. కొందరి పెద్దలు నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి వచ్చినవారు. కొందరి కుటుంబములు తరతరములుగా తమిళదేశముననే యున్నవి. చుట్టును తమిళము వినబడుటచే మన పలుకుబడిలో ఆ మాటలు కలియుచున్నవి. ఇది తప్పనియు, సిగ్గుపడవలసినదనియు మేమెన్నడును అనము. రెండు భాషల మధ్య బ్రతుకువారి మాట అట్లే యుండును.

అయితే యంత్రమునకు ఇది కఠినమైన పరీక్ష. 'పసి' యనిన తెలుగున లేతదనము, తమిళమున ఆకలి. 'పడి' యనిన తెలుగున పడుట జరిగి, తమిళమున చదువుమనుట. ఒకే వాక్యమున రెండు భాషలును కలిపి మాటలాడు పిల్లవాడు ఈ ధ్వనులను పలికినప్పుడు, అది ఏ భాషయో మొదట తేల్చుకొనవలెను. తెలుగు మాత్రమే నేర్చిన యంత్రము తెలుగు మాటగానే వినును. తమిళము మాత్రమే నేర్చినది తమిళమనుకొనును. మన ఇంటి పిల్లవానికి ఈ రెండును వచ్చును గనుక తటాలున గ్రహించును. మన మాట యంత్రమునకు సరిగా తెలియవలెనన్నచో, మనవంటివారు పలికిన మాట దాని భాండారమున చేరవలెను. మన ఇంటి తెలుగు మన ఇంటనే నిలిచిపోయిన పిదప సేకరించుటకు ఏమియు మిగులదు.

తల్లిదండ్రులు చేయదగినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. యంత్రము ఉన్నది గదా, తెలుగు ఎందులకు? యంత్రమునకు తనదైన తెలుగు ఏదియు లేదు. మనుష్యులు పలికినది, వ్రాసినది మాత్రమే దాని మూలధనము. పలుకువారు తగ్గినచో దాని విద్యయు అచటనే ఆగును. అంతేగాక, అది చేసిన పనిలో తప్పొప్పులు తేల్చుటకు భాష తెలిసిన మనుష్యుడు కావలెను. లెక్కల యంత్రము వచ్చినదని ఎక్కములు మానినవాడు అంగడిలో మోసపోయినను గ్రహింపలేడు, ఇదియు అట్టిదే.

యంత్రమును దూరముగా నుంచుమని మేము చెప్పుట లేదు. మన తల్లిదండ్రులలో కొందరు తమిళ పాఠశాలలలో చదివినవారు; తెలుగు మాటలాడుదురు గాని అక్షరములు రావు. అట్టివారికి పిల్లవాని పాఠమును ఎవరైన చదివి వినిపించినచో అర్థము పూర్తిగా తెలియును. ఆ పనిని ఫోను చేయగలదు. అది తల్లిని, బిడ్డను ఒక్కచోట కూర్చుండబెట్టు సాధనమైనచో మంచిదే.

ఇంటిలో సులభముగా చేయదగినవి నాలుగు గలవు.

మొదటిది, దినమునకు కొంతసేపు ఇంటిల్లిపాదియు తెలుగున మాటలాడుట. తమిళ పదము దొర్లినను ఆక్షేపింపక, వాక్యమును ముగియనిండు.

రెండవది, పిల్లవానిచేత ఒక పుట పైకి చదివించి, ఆ చదివినదానిని ఫోనుచే వ్రాయించి, తప్పులు వానిచేతనే ఎన్నించుట. నూరు మాటలలో ఎన్ని తప్పులని లెక్కించుటయే శాస్త్రజ్ఞులును అవలంబించు పరీక్ష. 'కల', 'కళ' యను భేదమును పిల్లవాడు సరిగా పలికినాడో లేదో అప్పుడు వానికే తెలియును. తప్పు యంత్రమునదా, తనదా యని వాడు తర్కించుటలోనే సగము చదువు కలదు.

మూడవది, అవ్వల, తాతల మాటలను వారి అనుమతితో ధ్వనిముద్రణ చేసి యుంచుట. ఊరి పేర్లు, వంటల పేర్లు, చుట్టరికపు పిలుపులు, పండుగ ఆచారములు వారు చెప్పినట్లే యుండనిండు. పెద్దలలో ఇష్టమున్నవారు భాషిణి పథకమువారి 'భాషాదాన్' అను ఏర్పాటు ద్వారా తమ పలుకును తెలుగు భాండారమునకు ఇయ్యవచ్చును.

నాలుగవది జాగ్రత్త. పిల్లల గొంతును ఊరు పేరు తెలియని సాధనములకు ఇయ్యరాదు. 2023లో పార్లమెంటు చేసిన చట్టము పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అంగీకారము ఉండవలెనని విధించుచున్నది. మందుల విషయమునను, దస్తావేజుల విషయమునను యంత్రము చెప్పినదానిని భాష తెలిసిన మనిషిచే మరల సరిచూపించుకొనవలెను.

కాటూరులో తెలుగు మాటతో పెరిగి గిండీకి వచ్చిన బాలుడు లోకమునకు మాట వినెడు యంత్రమును చూపిన వారిలో ఒకడయ్యెను. మన బెంచీలపై కూర్చుండు పిల్లలలో అట్టివారు ఎవరుందురో మనము చెప్పలేము. వారికి తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు భాషలును చెవిలో నున్నవి. ఇది భారమని తోచవచ్చును గాని, భాషల నడుమ దారి వేయు ఈ శాస్త్రమునకు ఇంతకంటె తగిన పెట్టుబడి వేరొకటి లేదు. బడిలో మేము నేర్పగలిగినంత నేర్పుదుము. ఇంటిలో మీరు పలుకుచుండుడు.